తెలిసినట్టు వచ్చిన కల

ఫుంచోక్ తాత ఎవరి కలనూ ఊరికే నమ్మడు. జంస్కార్ లోయలోని ఆ బౌద్ధ ఆశ్రమంలో ఎవరైనా "రాత్రి కలలో ఉండగానే ఇది కల అని తెలిసిపోయింది" అన్నారో, వెన్న టీ గిన్నె పక్కన పెట్టి, గట్టు తగాదా తీర్చే పెద్దమనిషిలా బాసింపట్టు వేసుకుని విచారణ మొదలుపెడతాడు. ఇన్నేళ్ళలో ఆ విచారణ నుంచి నిర్దోషిగా బయటపడిన కలలు ఆరో ఏడో.

మెలకువలోనూ అంతే. వింతగా ఏది కనబడినా, కల కాదు గదా అని ఉన్నచోటనే ఒక గెంతు గెంతి చూసుకుంటాడు. తేలితే కల, కాలికి నేల తగిలితే నిజం. లోయలోకి మొదటిసారి జీపు వచ్చిన రోజున దాని ముందు కప్పలా గెంతుతున్న ఈ ముసలి భిక్షువును చూసి డ్రైవరు హారన్ మానేసి దండం పెట్టాడు.

ఊరంతా నవ్వినా యాంగ్‌స్కిత్‌కు నవ్వు రాలేదు. ముప్పై అయిదేళ్ళ ఆ సన్యాసిని మూడేళ్ళుగా కనుమ అవతలి గుహకు వెళ్ళాలని తహతహలాడుతోంది. చలికాలం అయిదు నెలలూ అక్కడ ఒంటరిగా ఉండి, కలలో మేలుకునే సాధన చేయాలి. తాత సరేనంటేనే ఆశ్రమం నడిపే పెద్ద గురువమ్మ పంపుతుంది. గడిచిన రెండేళ్ళూ తాత కాదన్నాడు. ఈ ఏడు కనుమ మీద అప్పుడే తెల్లదనం దిగుతోంది. వారంలో దారి మూసుకుపోతుంది. ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. జపమాల కూడా వేళ్ళ మధ్య పరుగు తీస్తోంది.

తెల్లవారగానే తాత గుమ్మంలో నిలబడింది.

"తాతా, తెలిసింది! 'ఇది కల' అని గట్టిగా అరిచాను కూడా."

"భేష్. అరిచి ఏం చేశావు?"

"పరిగెత్తాను. కుక్క తరిమింది."

"కల కుక్కేగా?"

"అవుననుకోండి. కరుస్తుందేమోనని..."

"అయితే తల్లీ, నీకు కల అని తెలియలేదు. తెలిసినట్టు కల వచ్చింది. వెళ్ళి ఏదైనా తిను."

మర్నాడు కలలో వాగు దాటింది. "బూట్లు విప్పి దాటావా, తొడుక్కునా?" అన్నాడు తాత. విప్పానంది. "కల అని తెలిస్తే, బూట్లు తడుస్తాయని భయమెందుకమ్మా?"

మూడోనాడు తాత ఒప్పుకున్నాడు. తల మీద చెయ్యి వేశాడు. ఆమె ఏడుస్తూ సంచి సర్దుకుంది, గుర్రం మీద కూర్చుంది, అప్పుడు మెలకువ వచ్చింది. ఉక్రోషంగా పరుగున వెళ్ళి నిలదీసింది.

"రాత్రి ఒప్పుకున్నారు కదా మీరు!"

"ఆ ఫుంచోక్ చాలా మంచివాడు. గురువమ్మకు చీటీ కూడా వాడినే రాసిమ్మను."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి గొంతు తగ్గించాడు. "కలలో 'కల' అనడానికి నోరుంటే చాలు. ఒక పని చెబుతాను, పగలు గుర్తుపెట్టుకో. కలలో తూర్పుకు తిరిగి మూడుసార్లు సాగిలపడు. అది అక్కడ గుర్తొస్తే, అక్కడున్నది నువ్వే."

వంటింట్లో గరిటె విసిరికొట్టింది యాంగ్‌స్కిత్. "రాతిగుండె ముసలాయన!"

వంట చూసే ఛోరోల్ అక్క గరిటె తీసుకుని, ఎడమ కాలి జోడు విప్పి చూపించింది. రెండు వేళ్ళు లేవు. "నేనూ నీలాగే తెలిసిందన్నాను. ఆయన వెంటనే సరేనన్నాడు. గుహలో తొమ్మిదో రోజుకు కలలో వచ్చినవన్నీ నిజమని జడిసి, మంచులో ఉత్తకాళ్ళతో కిందికి పరిగెత్తాను. నన్ను వీపున మోసుకొచ్చిందీ ఆయనే. అప్పట్నుంచే ఈ ప్రశ్నలు."

యాంగ్‌స్కిత్ గరిటె అందుకుని మిగిలిన వంట తానే చేసింది.

ఆరోనాడు ఆమె పరిగెత్తుకు రాలేదు. నీళ్ళు తెచ్చి, వాకిలి ఊడ్చి, తీరిగ్గా వచ్చింది.

"ఆలస్యమైందే?"

"పనుంది తాతా. రాత్రి కుక్క మళ్ళీ వచ్చింది. నిలబడ్డాను. మీరు చెప్పింది గుర్తొచ్చింది. తూర్పుకు తిరిగి సాగిలపడ్డాను. మూడోసారి లేచేసరికి చెయ్యి నాకుతోంది. నా గిన్నెలో పిండి పెట్టాను."

"కల కుక్కకు పిండా? తెలిసీ పెట్టావా?"

"తెలిసే పెట్టాను. ఆకలిగా ఉన్నట్టుంది పాపం."

తాత టీ గిన్నె పక్కన పెట్టాడు. మెల్లగా లేచాడు. ఒక్క గెంతు గెంతాడు. నేల ధన్‌మని తగిలింది.

"నిజమే," అన్నాడు. "రేపే బయల్దేరు."

గుర్రాల ముతుప్ ఆమెను కనుమ దాటించాడు. గుహ గోడ పక్కన జడలబర్రె పిడకలు మూడు కుప్పలుగా ఉన్నాయి: ఒకటి బూడిదరంగు, ఒకటి గోధుమరంగు, ఒకటి ఇంకా నల్లగా. అయిదు నెలలకు కాదు, అయిదేళ్ళకు సరిపోతాయి.

"ఎవరు పెట్టారివి?"

"తాతే. మూడు వేసవులుగా ఏటా నా గుర్రం మీద మోయించాడు. ఈసారి యాంగ్‌స్కిత్ తప్పకుండా వస్తుంది అంటాడు. తర్వాత మీకు కాదని చెప్పి, వచ్చి నన్ను తిడతాడు."

"నిన్నెందుకు?"

"పిడకల మీద గొంగళి కప్పావా లేదా అని." ముతుప్ గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. "మరిచాను అక్కా. ముందు బూడిదరంగువి కాల్చమన్నాడు. ఈ ఏటివి పచ్చివట. పొగకు కళ్ళు మండితే నిద్ర పట్టదు, నిద్రే లేకపోతే ఇక కలెక్కడిది, అని మరీ మరీ చెప్పాడు."