నడుమ నున్నటి టైరు

మా బావ పోయిన కబురు నాకు జెట్టీ దగ్గర టీ కొట్టులో తెలిసింది. పోయాడని చెప్పి ఊరుకుంటే మనుషులనిపించుకునేవారు. అరిగిపోయిన టైర్లతో తిరిగి, కొండ బాట మొదట్లో జారిపడి పోయాడన్నారు. మోపెడ్ మీద పోతూ ఎవడో చూశాడట. మనిషి నేల మీద ఉన్నాడట, టైరు నున్నగా ఉందట. ఆ రెండూ కలిపి వాడో కథ అల్లేశాడు. మిగతావాళ్లు టీ చల్లారేలోపు దాన్ని పేటంతా పంచారు. చేపలు ఎప్పుడూ అంత తొందరగా అమ్మలేదు ఆ వెధవలు.

నాకు రాత అంతంత మాత్రం. అయినా రాస్తున్నాను. మా బావ పిసినారితనంతో చచ్చాడని నమ్మినవాళ్లు ఇది చదవాలి.

బావ మా చెల్లి మొగుడు. నాతో వేటకొచ్చేవాడు, తర్వాత వల వదిలి సైకిలెక్కాడు. తెల్లారి జెట్టీలో చేపలు తట్టకెత్తి, ఐసు కప్పి, వెనక క్యారేజీకి కట్టి బయల్దేరేవాడు. గోపాలపట్నం దాటి ఇంకా కొంత దూరం తారు రోడ్డు. అక్కణ్ణుంచి కొండ కింద ఊళ్లకి ఎర్రమట్టి, గులకరాళ్లు. తారు మీద ఆలస్యమైతే ఐసు కరిగి చేప మెత్తబడుతుంది. రాళ్ల మీద చక్రం జారితే చేపలన్నీ మట్టిపాలు. టైరు ఎంచుకోవడమంటే ఆయనకి కూడు.

ఒకసారి టైర్లు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని గోపాలపట్నంలో కొట్టుకి పోయాడు. కొట్టువాడు ఒళ్లంతా పళ్లున్న టైరు తీసి, బాటకి దీన్ని మించిన పట్టు లేదని ఊదరగొట్టాడు. బావ దాని మీద బొటనవేలు రాసి, వాడి మొహం చూశాడు.

"నువ్వెప్పుడైనా సేపలేసుకుని సైకిలు తొక్కినావేటి? ఇది రోడ్డుని నముల్తాది గానీ ముందుకెల్దు. నాను కొండూరు సేరేతలికి అది సేప కాదు, ఎరువు."

కొట్టువాడు ఈసారి పూర్తిగా నున్నటిది తీశాడు. దాంతో మట్టిలో ఈత కొట్టాలన్నాడు బావ. చివరికి తనకి కావలసింది తనే అటక మీంచి దింపించాడు. నడుమ నున్నటి పట్టీ, రెండు పక్కలా పొట్టి పళ్లు, మడ్‌గార్డులో పట్టినంత వెడల్పు. గాలి గట్టిగా ఉంటే తారుకి నడుమ పట్టీ ఒక్కటే తగిలి చక్రం జోరుగా పోతుంది. బాటలో కొంచెం గాలి తీస్తే టైరు పరుచుకుని పక్క పళ్లు మట్టిని పట్టుకుంటాయి. ఇంతే సంగతి. ఇంతమాత్రం బుర్ర లేనివాడికి ఆ టైరు అరిగినట్టే కనబడుతుంది.

తారు అయిపోయే చోట బావ ప్రతిసారీ దిగేవాడు. స్టాండు వేసి మొదట వెనక చక్రం గాలి తీసేవాడు, తర్వాత ముందు చక్రం. బరువున్న వైపు మొదట చూడాలనేవాడు. బొటనవేలితో నొక్కితే దోర జామకాయలా ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు అక్కడే చేతి పంపుతో మళ్లీ గట్టిగా కొట్టుకునేవాడు. మోపెడ్ల మీద పోయేవాళ్లకి అదొక వేడుక.

"గాలి కూడా అమ్ముతన్నావేటి బావా?" అన్నాడొకడు.

"నీకైతే ఊరికే ఇత్తాను. బుర్రలోకి ఎక్కించుకో."

ఆదివారం పొద్దున్నే బీచి రోడ్డు మీద సైకిళ్లతో బిగుతు బట్టలవాళ్లు కనబడతారు. ట్రాక్టరుకి తగిన టైర్లు వేసుకుని, అద్దం లాంటి రోడ్డు మీద పిండిమరలా గుయ్యిమంటూ పోతారు. ఆ టైర్లకి మట్టి ఎలా ఉంటుందో తెలియదు పాపం. మంచమెక్కి తొంగోడానికి గొడుగేసుకున్నట్టుంది అనేవాడు బావ.

ఆయన మంచివాడని రాయను. నోరు చెడ్డది. నా సైకిలు టైరు కూడా నా ముందే నొక్కి చూసి ఉమ్మేవాడు. కానీ ఆయన తట్టలో చేపని వాసన చూసి కొన్నవాళ్లు ఏ కొండూళ్లోనూ లేరు.

దహనమైన సాయంత్రం చెల్లి నన్ను పక్కకి పిలిచింది. పేటలో మాట దాని చెవినీ పడింది.

"టైర్లు మార్సమని మొన్ననే సెప్పినాను అన్నియ్యా. నా మాటినలేదు. నిజంగా జారి పడిపోనాడేటి?"

తెలీదన్నాను. చూడకుండా చెప్పడానికి నేను టీ కొట్టువాణ్ణి కాను.

మర్నాడు సైకిలు తేవడానికి వెళ్లాను. బాట మొదట్లో బడ్డీ పెట్టుకున్నామె దాన్ని తన పాక పక్కన భద్రంగా ఉంచింది. చేపలు చెడకుండా కొండూరి వాళ్లకి పంచేసిందట. ఎలా పడ్డాడని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది.

"ఎక్కడ పడ్డాడు తాతా? నాను సూత్తానే ఉన్నాను. స్టాండేసినాడు, ఎనక సక్రం గాలి తీసినాడు. ముందు సక్రం మీద సెయ్యేసి, అలగే కూకుండిపోనాడు. మరి లెగలేదు."

వెనక టైరు నొక్కాను. దోర జామకాయ. ముందుది రాయి.

పంపు బారుకి కట్టే ఉంది. నేను గాలి కొట్టలేదు. ట్రాలీ ఆటోలోకి ఎత్తించి, ఎలా ఉన్నదాన్ని అలాగే తెచ్చి చెల్లి ముందు పెట్టాను. బడ్డీ ఆమె చెప్పింది చెప్పాను. చెల్లి వెనక టైరు నొక్కి చూసింది. తర్వాత ముందు టైరు మీద బొటనవేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

"పడలేదు," అంది. "పని మద్దిలో ఉన్నాడు." అప్పుడు ఏడ్చింది.

టీ కొట్టువాళ్లని కూడా వచ్చి నొక్కి చూడమన్నాను. ఒక్కడూ రాలేదు. వాళ్ల వేళ్లకి గ్లాసు పట్టుకునే పనుంది.

సైకిలు ఇప్పుడు చెల్లి వాళ్ల అరుగు మీద గోడకి ఆనించి ఉంది. ముందు చక్రంలో గాలి తగ్గినప్పుడల్లా నేనెళ్లి గట్టిగా కొట్టి వస్తాను. వెనక చక్రాన్ని నేను ముట్టుకోను, ఎవర్నీ ముట్టుకోనివ్వను. అది మెత్తగా గచ్చు మీద పరుచుకుని, పక్క పళ్లు నేలకి ఆనించి, మట్టి బాట కోసం చూస్తున్నట్టుంటుంది.