ఇరవై ఐదు అడుగులు, డెబ్బై ఆరు మీటర్లు

1961. చాందా జిల్లా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, అక్కడి నుంచి కొత్త మహారాష్ట్రలోకి మారి ఏడాది దాటింది. ఇప్పుడు అందరూ చంద్రపూర్ అంటున్న ఊరు అప్పుడు మాకు చాందాయే. అక్కడికి దగ్గర్లో ఒక బొగ్గు గనిలో నేను అసిస్టెంట్ సర్వేయర్‌ని. గని పేరు ఎందుకులెండి. రాష్ట్రం మారినప్పుడల్లా ఫైళ్లు మూటలు కట్టుకుని ఊళ్లు తిరిగేవి. దానికి తోడు అడుగులు పోయి మీటర్లు వచ్చాయి. పాత నక్షాల్లో, అంటే గని పటాల్లో, ఉన్న కొలతలన్నీ మీటర్లలోకి మార్చే పని నా మెడకు చుట్టుకుంది.

అడుగులను 0.3048తో గుణిస్తే మీటర్లు వస్తాయి. అందుకు మా దగ్గర స్లైడ్ రూల్ ఉండేది. అంకెలు చెక్కిన బద్ద, దాని మధ్యలో అటూ ఇటూ జరిగే ఇంకో బద్ద. గుణకారం చిటికెలో అయిపోతుంది. కానీ అది అంకెలే చెబుతుంది, దశాంశ బిందువు ఎక్కడో చెప్పదు. 762 అని చూపిస్తే అది 7.62 కావచ్చు, 76.2 కావచ్చు. చుక్క పెట్టాల్సింది మనిషి. అందుకే ముందు మనసులో ఉజ్జాయింపు వేసుకోవాలి. మీటరంటే మూడడుగుల పైచిలుకు కాబట్టి, జవాబు అడుగుల్లో మూడో వంతు కన్నా కాస్త తక్కువ రావాలి. అంతే. బడి పిల్లలు చెయ్యగల పని. నాకు చెయ్యి తిరిగిందన్న పొగరుతో దాన్ని మానేశాను.

మా గని పక్కనే ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గని ఒకటి నీళ్లతో నిండి ఉంది. మా ఒక్కో గ్యాలరీకి, అంటే సొరంగానికి, ఆ నీళ్లు ఎంత దూరమో పట్టీ రాస్తున్నాను. వరసగా 310, 280, 265 అడుగులు. జవాబులు 94.5, 85.3, 80.8. అన్నిటికీ రెండంకెల తర్వాత చుక్క. తర్వాతి వరస ఇరవై ఐదు అడుగులు. స్లైడ్ రూల్ 762 చూపించింది. పై చుక్కల కిందే చుక్క పెట్టుకుంటూ పోయాను. 76.2. ఇరవై ఐదు అడుగులు డెబ్బై ఆరు మీటర్లు ఎట్లా అవుతాయిరా గాడిదా అని ఇప్పుడు తిట్టుకుంటాను. అప్పుడు తల కూడా ఎత్తలేదు. నా చిత్తు పుస్తకంలో రెండు కొలతలూ ఉన్నాయి, సాఫు ప్రతిలో మీటర్లు మాత్రమే రాశాను. పాత నక్షా పెట్టెకెక్కి పై ఆఫీసుకు పోయింది. మా సర్వేయర్ చూడకుండానే సంతకం పెట్టాడు.

నీళ్లు అరవై మీటర్ల లోపు ఉంటే, ముందు సన్నటి బోర్లు వేసి చూసుకుంటూ తవ్వాలని నియమం. పట్టీలో డెబ్బై ఆరు ఉంది కాబట్టి ఆ గ్యాలరీలో ఎవరూ బోరు వెయ్యలేదు.

అక్కడ బొగ్గు కొట్టేది రాజన్న. పెద్దపల్లి వైపు నుంచి వచ్చినవాడు. చాందాలో లాల్‌పేట్ పేటలో మా పక్కింట్లోనే ఉండేవాడు. ఒక సాయంత్రం షిఫ్టు దిగి, ముఖం కూడా కడుక్కోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, బొగ్గుకు చెమట పడ్తుంది. నీళ్ల వాసన సుత వస్తుంది. ముందట ఎంతున్నది?"

డెబ్బై ఆరు మీటర్లన్నాను. మీటర్లు నాకేం ఎరుక, ఫీట్లల్ల చెప్పమన్నాడు. మనసులోనే లెక్క కట్టి రెండు వందల యాభై అన్నాను. చూడండి, ఉజ్జాయింపు నాకు రాక కాదు. అది చాలక, కాగితం అబద్ధం చెప్తదా రాజన్నా అని ఎగతాళి చేశాను.

"సదువుకున్నోనివి. నువ్వు చెప్తె సరే" అని వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున షిఫ్టులో నీళ్లు బద్దలుకొట్టుకుని వచ్చాయి. ఆ గ్యాలరీలో ఉన్న ఆరుగురిలో ఐదుగురు బయటపడ్డారు. అందరికన్నా ముందున్నది రాజన్న. పంపులు పెట్టి నీళ్లు తోడితే పదకొండో రోజున దొరికాడు.

నీళ్లొచ్చిన పొద్దునే, అది ఏ గ్యాలరీయో వినగానే నా చిత్తు పుస్తకం తీశాను. 25. పక్కన 76.2. ఇంతలో రాజన్నే పేలుడు మందు ఎక్కువ కూరి పేల్చాడన్న మాట మొదలైంది. విచారణలో కూడా అదే రాసుకునేట్టున్నారు. పుస్తకం సంగతి ఎవరికీ తెలియదు. పొయ్యిలో వేస్తే అయిపోయేది. వెయ్యాలనే అనుకున్నాను, అబద్ధమెందుకు. రెండు రోజులు దాన్ని ఇంట్లోనే దాచాను. మూడో రోజు తీసుకెళ్లి విచారణ అధికారి బల్ల మీద పెట్టాను. రాజన్న మీద మాట పోయింది. నా సర్టిఫికెట్ రెండేళ్లు ఆపారు. అది శిక్షే కాదు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు పనిచేశాను. క్యాలిక్యులేటర్లు వచ్చాక కూడా ముందు పెన్సిల్‌తో ఉజ్జాయింపు రాయనిదే లెక్క ముట్టలేదు. అంచనాకూ జవాబుకూ పొంతన లేకపోతే సంతకం పెట్టలేదు. చాదస్తమని నవ్వేవాళ్లు. ఆరోజు రాజన్న తెచ్చింది కూడా ఒక అంచనాయే. చెమటను బట్టి, వాసనను బట్టి వేసుకున్నది. నా జవాబు తప్పని చెప్పడానికి వచ్చిన మనిషిని నేనే నోరు మూయించాను.

విచారణ నుంచి వచ్చిన రోజే అతని భార్య మల్లమ్మ వదిన దగ్గరికి వెళ్లాను. గడప దగ్గర కూర్చుని ఉంది. తప్పు రాజన్నది కాదు, నాదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె అన్నది ఇది.

"మూడు దినాల నుంచి పోబుద్ధైతలేదనుకుంటనే పనికి పోతుండె. ఆ పొద్దు నిన్ను అడిగొచ్చి, తమ్మి లెక్క చూసి చెప్పిండు, ఇగ భయం లేదని కడుపునిండ తిని పండుకున్నడు."