కల్వర్టు కింద చూసిన చేపలు

మా వీధి చివరి వాగులో చేపల్ని నేను చూశాను. చూశానని చెప్పవలసిన రోజున చెప్పలేదు. ఆ వాగు పక్కన ఉండేవాళ్ళెవరూ చేపని చూడలేదని మా కమ్యూనిటీలో చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి ఓ గంట దూరంలో ఉంటాం. మా ఇళ్ళ నుంచి మెయిన్ రోడ్డుకి వెళ్ళే దారి కింద ఒక సన్నటి వాగు పారుతుంది. ఎప్పుడో దాన్ని ఇనప గొట్టంలోకి మళ్ళించి పైన రోడ్డు వేశారు. నీళ్ళు కోసి కోసి గొట్టం కింద గుంట పడింది. గొట్టం నోరు ఆ గుంట నీళ్ళకి నడుమెత్తు పైన వేలాడుతుంటుంది. ఒక నవంబరు వానలో వాకింగుకి వెళ్ళి, అక్కడేదో చప్పుడైతే కిందికి దిగాను. ఎర్రబారిన సాల్మన్ చేపలు గొట్టం నోటి వైపు ఎగురుతున్నాయి. ఇనుముకి తగిలి పడుతున్నాయి. మళ్ళీ ఎగురుతున్నాయి.

నాది గోదావరి ఒడ్డు. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదే పులసని ఎరిగినవాణ్ణి. ఈ చేపలు ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నాయో నాకొకరు చెప్పనక్కర్లేదు.

అవతలి గట్టున రబ్బరు బూట్లతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఈ నేల మొదటి మనుషులైన నేటివ్ అమెరికన్ల తెగ ఆమెది. ఆ తెగ తరఫున చేపల లెక్క చూసే ఉద్యోగం. పులస గురించీ, అది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోవడం గురించీ ఉత్సాహంగా చెప్పాను.

"అయితే మీకూ గొట్టాలున్నాయన్నమాట," అని నవ్వింది. తర్వాత చచ్చిన ఆడచేప ఒకదాని పొట్ట కోసి చూపించింది. గుడ్లన్నీ లోపలే ఉన్నాయి.

ఆ చలికాలంలోనే కౌంటీవాళ్ళు, అంటే ఇక్కడి జిల్లా అధికారులు, ఆ గొట్టం గురించి మీటింగు పెట్టారు. ఆమె పూర్వీకులు ఈ నేలనంతా ప్రభుత్వానికి ఇచ్చేస్తూ, తమకు అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం ఒప్పందంలో ఉంచుకున్నారు. చేపే రాలేకపోతే ఆ హక్కుకి అర్థమేముంది, గొట్టం తీసి వంతెన కట్టండి అని తెగవాళ్ళ వాదన. కడితే ఒక వేసవంతా మా రోడ్డు మూతపడుతుంది. ఆఫీసుకి గుట్ట చుట్టూ తిరిగి వెళ్ళాలి.

మీటింగుకి ముందు శనివారం మా ఎదురింటి మిత్రుడి ఇంట్లో తెలుగువాళ్ళం అందరం భోజనానికి చేరాం. అతనిది వరంగల్.

"మన వీసా కాయితం మూడేండ్లకే చిత్తయితది. వాళ్ళ తాతల కాయితం ఇంకా నడుస్తదా అన్నా?" అన్నాడు, నా కంచంలో బిర్యానీ వేస్తూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీటింగు స్కూలు జిమ్‌లో. మా వీధి అమెరికన్ ఒకాయన లేచి, "చేపలు పట్టుకోవచ్చని రాశారు. చేపలు ఉండాలని రాయలేదుగా? గుర్రబ్బళ్ళ కాలం నాటి మాటతో ఇవాళ్టి రోడ్డు మూసేస్తారా?" అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఆమె మైకు దగ్గరికి వచ్చింది. "ఆ ఒప్పందంలో మేమిచ్చిన సగం ఇంకా చెల్లుతోంది. మీ ఇళ్ళు దాని మీదే ఉన్నాయి. మాకు మిగిలిన సగమే పాతబడిందా?"

కౌంటీ ఆఫీసరు అడిగాడు: "తెగవాళ్ళ లెక్క ఒక్కటే చాలదంటున్నారు. వాగు పక్కన ఉండేవాళ్ళలో ఎవరైనా అక్కడ చేపల్ని చూశారా? చూసి ఉంటే పని ఈ వేసవిలోనే మొదలుపెడతాం. లేకపోతే సర్వే చేయించాలి. ఆలస్యమవుతుంది."

ఆమె నా వైపు చూసింది. నా పేరు చెప్పొచ్చు. చెప్పలేదు. ఆగింది. నేను తల వంచి ఫోన్ చూసుకున్నాను.

వీసా మీద బతికేవాళ్ళం, మనకెందుకు అని ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను. "మనకి గ్రీన్‌కార్డు వచ్చిందిగా," అందామె, కంచాలు సర్దుతూ. నిజానికి నా భయం వీసా గురించి కాదు. వచ్చే శనివారం భోజనానికి నన్ను పిలవరేమోనని.

సర్వే మొదలవడానికే మూడేళ్ళు దాటింది. ఏటా నీళ్ళు గుంటని ఇంకాస్త కోశాయి. మా వాగుకొచ్చే రకం చేపలు పుట్టిన మూడేళ్ళకి తిరిగొస్తాయి. ఆ వేసవిలో గొట్టం తీసి ఉంటే, తర్వాతి నవంబరులో వచ్చినవి పైకి వెళ్ళేవి. గుడ్లు పెట్టకుండానే చచ్చిన వాటికి, తిరిగి రావలసిన పిల్లలే లేవు. ఆ పిల్లలు రావలసిన నవంబరులో రోజూ వెళ్ళి నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాతి మీటింగులో ఎదురింటి మిత్రుడే మైకు తీసుకున్నాడు. సర్వేలో ఒక్క చేపా కనిపించలేదు, లేని చేపలకి వంతెనెందుకు అని అడిగాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ మాటని నిజం చేసింది నేను.

వచ్చి నా పక్కన కూర్చుంటూ, "అయిపోయిందన్నా. ఇగ పోదాం పా," అన్నాడు.

నేను లేచాను.

"అటెటు పోతున్నవ్? ఓ అన్నా!"

ఆమె ముందు వరసలో ఉంది. ఇప్పుడు చేతికర్ర వచ్చింది. మైకు ముందు నిలబడ్డాక నేను ఆఫీసరుని చూడలేదు, ఆమెనే చూశాను.

"అక్కడ చేపలుండేవి. నేను చూశాను. నాలుగేళ్ళ కిందట ఇక్కడ అడిగినప్పటికే చూశాను. మీరు నా వైపు చూశారు, నేను చూడనట్టు కూర్చున్నాను. నన్ను క్షమించండి."