పగటి మెరుపులు

నా చిన్నప్పుడు నేను మనుషులను నడకను బట్టి గుర్తుపట్టేదాన్ని. మొహం తెలిసేసరికి వాళ్లు ఎదురుగా వచ్చి నిలబడేవారు. ఐదో తరగతికే నావి సోడాబుడ్డి అద్దాలు. ఏటా నంబరు పెరుగుతుంటే మా నానమ్మకు బెంగ పట్టుకుంది. “పుస్తకాలు పట్టుకునే కండ్లు ఖరాబు చేసుకుంటున్నది, బడి మాన్పియ్యుండ్రి” అని పట్టుబట్టింది. నాన్న వచ్చే ఏడు చూద్దామన్నాడు.

అప్పుడు మేము తార్నాకలో ఉండేవాళ్లం. పక్కింటి అక్క యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేది. సెలవు రోజు పొద్దున నన్ను క్యాంపస్‌లోకి నడకకు తీసుకుపోయేది. అలా నడుస్తూ ఒకరోజు గొప్పగా చెప్పాను, “అక్కా, నాకు పగటిపూట గూడ మెరుపులు కనబడతయి. నల్ల నుసి గూడ ఎగురుతది.”

అక్క ఆగిపోయింది. “ఎప్పటి సంది?”

“నిన్నటి సంది.”

నా చెయ్యి పట్టుకుని ఇంటికి తిప్పేసింది. ఇప్పుడే కళ్ల డాక్టరు దగ్గరికి పోవాలని అక్క అంటే నానమ్మ ఒప్పుకోలేదు. నుసి పడితే నీళ్లు కొట్టుకుంటే పోతుందంది.

అక్క నానమ్మ ముందు తన అద్దాలు తీసింది. అవీ నా అద్దాలంత మందమే. “పెద్దమ్మా, నా ఎడమ కంటికి ఏం కనబడది. నాకు గూడ గిట్లనే మెరిసింది. పరీక్షలున్నయని ఎవరికీ చెప్పలే. నల్లతెర దిగినంక చెప్పిన.”

అన్నేళ్లు పక్కింట్లో ఉన్నా ఆ సంగతి మాకెవరికీ తెలియదు. నాన్న చొక్కా వేసుకున్నాడు. నానమ్మ కూడా అక్క వెంట బయలుదేరింది.

డాక్టరు చుక్కలు వేసి, వెలుతురు పెట్టి చాలాసేపు చూశాడు. దగ్గరచూపు ఎక్కువగా ఉన్నవాళ్లకు కనుగుడ్డు పొడవుగా సాగుతుందనీ, లోపలి పొర పలచబడుతుందనీ, నా కుడికంట్లో అది కొంచెం చిరిగిందనీ, మెరుపులూ నుసీ అందువల్లేననీ చెప్పాడు. చదవడం వల్ల చిరగలేదని నానమ్మకు విడిగా చెప్పాడు. అద్దాలు చూపును సరిచేస్తాయి గానీ పొరను కాపాడలేవు, ఏటా చూపించుకోవాల్సిందే అన్నాడు. చిరుగు పెద్దది కాకముందే దాని చుట్టూ పొరను చలితో గడ్డకట్టించి అతికించారు.

కట్టుతో తిరిగి వస్తుంటే నానమ్మ నా తల ఒళ్లో పెట్టుకుంది. బడి మాట మళ్లీ ఎత్తలేదు. అక్క నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది, “రెండు కండ్లు తెరిచి ఉంటే, ఒకటి పోతున్నా ఇంకోటి తెల్వనియ్యది. రోజూ ఒక్కోటి మూసి చూసుకో. ఏమన్న మారితే గదే రోజు చెప్పు. భయమైతే ఇంకా జల్ది చెప్పు.”

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మధ్యలో ఒకసారి ఎడమకంట్లో మెరిసింది. పూట గడవనివ్వలేదు, ఆ కన్నూ దక్కింది. పొద్దున లేవగానే కిటికీ దగ్గర ఒక్కో కన్నూ మూసుకుంటాను. ఎదురింటి పిట్టగోడ మీద ఆరేసిన బట్టలు ఈ కంటికీ కనబడాలి, ఆ కంటికీ కనబడాలి. ఆ తర్వాతే స్టవ్ వెలిగిస్తాను.