మాఫ్ చెయ్యని శుక్రవారం

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. పోయినవాళ్లు అల్లాహ్ దగ్గరికే వెళ్తారు, మన వీధుల్లో తిరగరని చిన్నప్పుడు మసీదులో చదువుకున్నాను. ఇప్పటికీ అదే నా నమ్మకం. అయినా తెనాలిలో నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మస్తాన్ బాబాయ్ మా వీధిలో దూదేకే పని చేసేవాడు. చలికాలం ముందు పెద్ద విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చేవాడు. నారి టంగుమంటే దూది లేచి ఆయన కనురెప్పల మీద వాలేది. ఆ మోత వింటే పిల్లలం కంచాలు వదిలేసి పరిగెత్తేవాళ్లం. నా పెళ్లి పరుపుకి దూది ఏకింది ఆయనే.

ఫోమ్ పరుపులు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు లేకపోయారు. పిన్ని కూడా పోయింది. కొలకలూరు నుంచి కూతురు వచ్చి రమ్మంటే, "పని లేని చేతులతో మీ ఇంట్లో కంచం ముందు ఎలా కూర్చోనమ్మా?" అని వెళ్లలేదు. ఆరేళ్ల కిందట తెగిన నారిని మళ్లీ కట్టనూ లేదు.

నిరుడు ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఆయన ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని, "తప్పులుంటే మాఫ్ చెయ్యండయ్యా" అన్నాడు. మక్కా ప్రయాణానికి ముందు అందరినీ అలా క్షమాపణ అడగడం మాలో ఆనవాయితీ.

"ఏంటి బాబాయ్, ఉమ్రాకా? చెప్పనేలేదే! ఖర్జూరాలు తేకపోతే మాఫ్ చెయ్యం!" అని నవ్వాం. ఆయనా నవ్వాడు. ఎవరితో వెళ్తున్నావని ఒక్కరమూ అడగలేదు.

ఇంటికి వెళ్తుంటే ఆయన గదిలోంచి టంగు, టంగుమని మోత. మిట్టమధ్యాహ్నం, స్పష్టంగా విన్నాను. మళ్లీ పని దొరికిందనుకుని సంతోషంగా తలుపు తోశాను.

లోపల దూది లేదు. విల్లు గోడకి వేలాడుతోంది, నారి లేకుండానే. బాబాయ్ చాప మీద కూర్చుని ఉన్నాడు. ముఖం చూడగానే అర్థమైంది, ఆయన బయల్దేరింది మక్కాకి కాదు. ప్రాణం తీసుకోవాలనుకున్నాడు.

పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. "నేను మాఫ్ చెయ్యలేదు బాబాయ్" అన్నాను. నా భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు.

సాయంత్రానికి కూతురు వచ్చింది. ఇద్దరం ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు కూతురింట్లోనే ఉంటున్నాడు. ఫోన్ చేస్తే, "ఇంకా మాఫ్ చెయ్యలేదేంట్రా?" అంటాడు. "లేదు బాబాయ్" అంటాను.

ఆ మోత గురించి ఒక్కసారే అడిగాను. "నీకూ వినపడిందా?" అన్నాడు.

నారి లేని విల్లు మోగదు. కానీ నేను విన్నాను. అదేంటో ఈ రోజుకీ చెప్పలేను.