పది ఎత్తులు ముందు చూసేవాడు

నంద్యాలలో జరిగిన చదరంగం పోటీలో శిరివెళ్ల ఊరివాడు సందీప్ మొదటి బహుమతి కొట్టాడు. కప్పుతో పేపర్లో ఫోటో పడింది. అతని కష్టాలు ఆ రోజే మొదలయ్యాయి. ఓడిపోయినవాళ్లంతా హాయిగా ఇంటికి పోయి, అన్నం తిని పడుకున్నారు.

సందీప్ ఆళ్లగడ్డలో శేషయ్య గారి శిల్పాల షెడ్డులో పనివాడు. పొద్దున్నే బస్సెక్కి పోవడం, చెక్కిన బొమ్మల్ని నున్నగా రుద్దడం, సాయంత్రం తలనిండా రాతిదుమ్ముతో తిరిగి రావడం. ఆదివారం మాత్రం ఎదురుదిక్కు బస్సెక్కి నంద్యాల పోయి చదరంగం ఆడేవాడు. ఇంటర్లో లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పినవాడు, నలుగురిలో నోరు విప్పలేనివాడు. బల్ల ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి. అతని బతుకులో భయం లేని చోటంటూ ఉంటే ఆ గళ్లబల్ల ఒక్కటే.

శేషయ్య మంచివాడే. కాకపోతే ఒక మాట నమ్మాడంటే రాతిమీద చెక్కుకున్నట్టే, మళ్లీ చెరిపేది ఉండదు. ఆ పొద్దున పేపరు పట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా సందీపూ, ఇంత బుర్ర పెట్టుకోని రాళ్లు రుద్దుతాండావా? రేపట్నుంచి బెల్టు ఏయించేది నువ్వే. క్రేనుకు చెయ్యి చూపించేదీ నువ్వే."

తయారైన విగ్రహాన్ని లారీకెక్కించాలంటే కింద నుంచి వెడల్పాటి బెల్టులు చుట్టి క్రేనుకు తగిలిస్తారు. బెల్టు సరైన చోట పడితే రాయి తిన్నగా లేస్తుంది. పక్కకు పడితే ఒరిగి జారుతుంది. జారితే రాయి పగులుతుంది, లేదంటే కింద ఉన్న మనిషి పోతాడు. షెడ్డు పెట్టిన నాటినుంచి ఆ చోటు చూపిస్తున్నది పాత పనివాడు బుడేన్.

"అది బుడేన్ మామ పని కదన్నా. నాకు తెల్దు" అన్నాడు సందీప్.

"చదరంగం వచ్చినోనికి లెక్కలు రాకుండా యాడికి పోతాయి? పది ఎత్తులు ముందు చూసేటోనివి, రాయి ఎట్ల లేస్తాదో చూల్లేవా? బుడేన్‌కు వయసైపాయ. కింద తాడు పట్టుకోని బొమ్మ ఊగకుండా చూస్తాడులే."

బుడేన్ ఆ మాట విన్నాడు. భుజం మీది తువాలు తీసి మొహం తుడుచుకుని, పోయి తాడు అందుకున్నాడు.

సందీప్ ఆ రోజే గట్టిగా కాదని ఉంటే సరిపోయేది. కానీ అప్పటికే అతని తల్లి అనసూయమ్మ "మా వాని బుర్రకు ఆళ్లగడ్డే మొక్కుతాంది" అని వీధంతా చాటేసింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, ఆ దిబ్బ మీద నిలబెట్టారు అతన్ని. దిగడానికి సిగ్గు, నిలబడటానికి భయం.

మొదట్లో ఎలాగో గడిచింది. వినాయకుడో ఆంజనేయుడో అయితే, బుడేన్ అంతకుముందు బెల్టు ఎక్కడ వేసేవాడో అతనికి జ్ఞాపకమే. ఒకసారి చూసింది మరిచిపోడు, చదరంగంలో అతని బలం కూడా అదే. అదే చోట వేయించేవాడు, రాయి లేచేది, శేషయ్య చంకలు గుద్దుకునేవాడు. సందీప్‌కు మాత్రం రాయి లారీలో కూర్చునేదాకా ఊపిరాడేది కాదు. ఎందుకు లేచిందో తనకు తెలియదని తనకొక్కడికే తెలుసు.

ఒక ఆదివారం నంద్యాల టీకొట్టులో ఎవరో వేళాకోళంగా పావులన్నీ బల్లమీద ఇష్టమొచ్చినట్టు చల్లి, చూపించి మూసేసి, "మళ్లీ పెట్టుప్పా చూద్దాం" అన్నారు. ఆడిన ఆటైతే కళ్లు మూసుకుని పెట్టేవాడు. ఈ చెత్తలో నాలుగు పావులకు మించి పెట్టలేకపోయాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. బస్సులో వస్తుంటే మాత్రం, ఎప్పుడూ చూడని రాయి వస్తే ఏం చేస్తాను అనుకున్నాడు.

వచ్చింది. నిలువెత్తు నంది. అలాంటిది ఆ షెడ్డులో ఎప్పుడూ చెక్కలేదు. మెడ ఎత్తి చూస్తున్నట్టు చెక్కారు. వెనక భాగం సన్నంగా తీశారు, ముందు ఛాతీ, మూపురం బండలా ఉన్నాయి. సందీప్ దాని చుట్టూ తిరిగాడు, మళ్లీ తిరిగాడు. బల్లమీదైతే దారి చూపించే కన్ను ఇక్కడ పనిచేయలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, రెండు బెల్టులూ నడిమికి ఆ పక్కొకటి ఈ పక్కొకటి సమానంగా వేయించాడు.

బుడేన్ తాడు పట్టుకుని నంది మెడ కింద నిలబడ్డాడు. సందీప్ అతని మొహంలోకి చూశాడు, చిన్న సైగైనా దొరుకుతుందేమోనని. బుడేన్ చూపు తాడు మీదే ఉంది. అతని పని ఇప్పుడు తాడు పట్టడమే మరి.

సందీప్ చెయ్యెత్తాడు. క్రేను మూలిగింది. నంది నేల విడిచింది. జానెడు లేచింది, మూతి కొంచెం కిందికి వంగింది. అంత బరువులో ఆ వంగడం మామూలో, జారడానికి మొదలో అతనికి తెలియదు. డ్రైవరు అతని చేతికేసి చూస్తున్నాడు. శేషయ్య చూస్తున్నాడు. కింద బుడేన్ చెప్పుల్లేని పాదాలు కనబడుతున్నాయి. చెమట కళ్లలోకి కారింది. ఇంకొంచెం పైకి అంటే పేరు నిలబడవచ్చు. మనిషి పోవచ్చు కూడా.

చెయ్యి కిందికి దించాడు. నంది నేలకానింది.

"ఏమైందప్పా?" అన్నాడు శేషయ్య.

"నాకు తెల్దన్నా."

"తెలీకపోయేదేంది?"

"బల్లమీదైతే కనపడతాది. ఈడ ఏమీ కనపడదు. ఎప్పుడూ కనపడలే. మామ యాడేసేటోడో ఆడ ఏయిస్తాంటి, అంతే."

 ఏడుపొచ్చింది, ఆపుకున్నాడు. బుడేన్ తాడు వదిలి వచ్చి, ముందు బెల్టును మెడవైపుకు జరిపించి, తనే చెయ్యెత్తాడు. నంది నీళ్లకుండలా తొణక్కుండా లేచింది. పోతూ పోతూ సందీప్ భుజం మీద ఒక చెయ్యి వేసి, "ఈపొద్దు మా ఇంటికి అన్నం తినను పోతాండానంటే నీ వల్లే నాయనా" అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మన జనానికి మనిషైతే అన్నిట్లో మేధావి కావాలి, లేదంటే అన్నిట్లో మొద్దు కావాలి. నడుమ ఉండటానికి ఒప్పుకోరు. సందీప్‌ను మళ్లీ రాళ్లు రుద్దడానికి పంపించి శేషయ్య తేల్చేశాడు: "రెండు బెల్టులు ఏసేది తెలీనోడు చదరంగమేం గెలుస్తాడు? ఫోన్లో చూసి ఆడింటాడు." ఆ మాట సందీప్ కంటే ముందు బస్సెక్కి శిరివెళ్ల చేరింది.

శనివారం సాయంత్రం కంచంలో అన్నం పెడుతూ అనసూయమ్మ గొంతు తగ్గించి అడిగింది. "నాతోనన్నా చెప్పు నాయనా. ఆ కప్పు నువ్వు నిజంగానే గెలిచినావా?"

సందీప్ తలూపాడు. ఆమె నమ్మినట్టే తలూపింది.

మరునాడు నంద్యాలలో పోటీ. ఎదురుగా ఎవరో స్కూలు పిల్ల కూర్చుంది. సందీప్ మొదటి బంటును ముందుకు జరపబోయాడు. నంది ముందు పట్టుకున్న భయమే ఇప్పుడు బల్ల ముందూ పట్టుకుంది. బంటు పక్కకు పడింది.