అందరి రికార్డుల్లో ఒకే గాలిబుడగ

1976 జూన్‌లో నన్ను మహబూబాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్‌గా వేశారు. జనగామ నుంచి ట్రంకుపెట్టెతో దిగాను. ప్రయోగశాలలో పనిచేసే మైక్రోస్కోపులు మూడే. నా ఓపిక అంతకంటే తక్కువ. అయినా ఆ గదిలోని ఉల్లిగడ్డల వాసన, స్పిరిట్ దీపాల వేడి ఇప్పటికీ నాకు ఇష్టమే.

ఫైనలియర్‌లో ఉల్లివేరు ప్రయోగం ఉండేది. పొద్దున్నే వేరు కొసలు కోసి, మందునీళ్లలో నానబెట్టి, రంగు పట్టించి, గాజుపలకపై బొటనవేలితో అదిమి, మైక్రోస్కోపులో చూస్తే కణంలో పదహారు క్రోమోజోములు కనిపిస్తాయి. ప్రతిదానికీ నడుములా నొక్కుకున్న చోటు ఉంటుంది; అదే సెంట్రోమియర్. అది నడిమధ్యన ఉంటే మెటాసెంట్రిక్, కాస్త పక్కకు జరిగితే సబ్‌మెటాసెంట్రిక్, కొసకు దగ్గరైతే ఆక్రోసెంట్రిక్, కొసనే ఉంటే టీలోసెంట్రిక్. చూసింది రికార్డు పుస్తకంలో గీయాలి. లెక్చరర్ సంతకం లేని రికార్డుతో ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు.

నిజానికి ఎవరూ చూసి గీసేవారు కాదు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని ఎక్కించేవారు. అందరి బొమ్మల్లోనూ పదహారూ మెటాసెంట్రిక్కే. నేను చకచకా సంతకాలు పెట్టేవాణ్ని.

సక్కుబాయి డోర్నకల్ దగ్గరి తండా నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేది. ఆ తండాలో కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్ల. ఆమెకు రికార్డు ఇచ్చే సీనియర్ లేడు. కాబట్టి కనిపించిందే గీసింది: రెండు క్రోమోజోములకు నడుము కొస దగ్గర పెట్టింది, అదిమినప్పుడు కణం పక్కన చిక్కుకున్న గాలిబుడగను కూడా వదల్లేదు. నేను బొమ్మ మీద ఎర్రగీత కొట్టి, మార్చి తెస్తేనే సంతకం అన్నాను.

పరీక్షకు ముందురోజు మళ్లీ అదే బొమ్మ తెచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"అందరిదొక తీరుంటే నీదొక తీరేంది?"

"నాకు గిట్లనే అవుపడ్డది సార్. పొద్దుగాల స్లైడు మల్ల చేసి పెట్టిన. మీరు జర చూడుండ్రి," అంది. అక్కణ్నుంచి కదల్లేదు.

చూశాను. పద్నాలుగింటికి నడుము మధ్యనో, మధ్యకు దగ్గరలోనో ఉంది. రెండింటికి దాదాపు కొసన ఉంది. సిగ్గేసింది. నేనూ సీనియర్ రికార్డు ఎక్కించి పాసైనవాణ్నే. అప్పటిదాకా ఒక్కసారీ వాటిని పట్టిచూడలేదు.

ఆమె రికార్డులో 'పొరపాటు నాదే' అని రాసి సంతకం పెట్టాను. మిగతా ఇరవై రెండు రికార్డులూ వెనక్కి తెప్పించి, సాయంత్రం దాకా మూడు మైక్రోస్కోపుల ముందు అందరినీ వరుసలో నిలబెట్టాను. నన్ను తిట్టుకోనివాడు లేడు. సక్కుబాయి పరీక్షకు కూర్చుంది, పాసైంది.

మరుసటి ఏడు కొత్త బ్యాచ్ రికార్డులు వచ్చాయి. రెండు ఆక్రోసెంట్రిక్‌లూ ప్రతి బొమ్మలో సరిగ్గా ఉన్నాయి. సంబరపడ్డాను. నాలుగో పుస్తకం తెరిచాక అనుమానం వచ్చి మొదటి మూడూ తిరగేశాను. అన్నింట్లోనూ కణం పక్కన, అదే చోట, అదే గాలిబుడగ.

సక్కుబాయి రికార్డు చేతులు మారింది. బొమ్మ ఒప్పే, చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, విద్యార్థి స్లైడు నా కంటితో చూశాకే ఎర్ర పెన్ను మూత తీశాను.